పదకొండు వేళ్ళ ఎత్తు

దొరగారి కాళ్ళు పొడుగు. గొడవంతా అక్కడే పుట్టింది.

గోదారి మీద రైలు వంతెన కట్టిన మూడో ఏడు, శ్రావణమాసం. కొత్తలంక లాకుల నుంచి కాలవాఫీసుకి గట్టు మీద తొమ్మిది మైళ్ళు. పొద్దున్నే లాకుల దగ్గర కొలతరాయి మీద ఏటి నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో లాకు గుమాస్తా చూసి చీటీ రాసిస్తే, దాన్ని తీసుకెళ్ళి ఆఫీసులో పడెయ్యడం బిళ్ళబంట్రోతు పల్లంరాజు పని. తంతి తీగ పెద్ద లాకుల దాకానే వచ్చింది. కొత్తలంకకి తీగైనా పల్లంరాజే, టపా అయినా పల్లంరాజే. ఏడేళ్ళు నడిచి పడేశాడు. పది గంట కొట్టేలోగా చీటీ చేరకపోయిన రోజు ఒక్కటి చూపించండి, చూద్దాం.

పోయిన చైత్రంలో కాలవల అధికారి దొరగారు ఏడాది సెలవు మీద సీమకి వెళుతూ తన సైకిలుని ఆఫీసుకి వదిలారు. నీటి చీటీ తెచ్చేవాడు దీని మీద తెస్తే బాగుంటుంది కదా అన్నారట. అంత మంచిమాట దొరగారు అనకుండా ఉంటే బాగుండేది. ఎందుకంటే ఆయన అటు ఓడ ఎక్కగానే ఇటు ఆఫీసులో రెండు పనులు జరిగాయి. ఒకటి, సైకిలు వచ్చింది కదా అని పది గంటని ఎనిమిదికి జరిపారు. రెండు, హెడ్డు గుమాస్తా చంద్రరావుగారు సామాన్ల పట్టీ తెరిచి, ముక్కు మీద కళ్ళజోడు సర్దుకుని, తన వేళ్ళతో స్వయంగా కొలిచి ఇలా రాశారు: సైకిలు ఒకటి. సీటు గొట్టం పైకి పదకొండు వేళ్ళు. హాండిలు కిందికి వంచి. ఇదే స్థితిలో దొరవారికి తిరిగి అప్పగించవలెను. రాసి, కింద సంతకం చేసి, సైకిలు బిగించే పానాని ఆఫీసు ముద్రతోపాటు బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి ఆయన మొలతాడుకి ఉంటుంది.

పల్లంరాజు నిలబడితే దొరగారి భుజం దాకా కూడా రాడు. వలేసే ఇంట పుట్టిన మనిషి. రొమ్ము వెడల్పు, చేతులు బలం, కాళ్ళు పొట్టి. పదకొండు వేళ్ళ ఎత్తున్న సీటు మీద కూర్చుంటే పెడలు పైకొచ్చినప్పుడు పాదానికి అందుతుంది, కిందికెళ్ళాక అందదు. అందుకని ఒకసారి కుడి పిర్ర జార్చి తొక్కాలి, ఒకసారి ఎడమ పిర్ర జార్చి తొక్కాలి. రుబ్బురోట్లో పొత్రం తిరిగినట్టు తొమ్మిది మైళ్ళూ నడుము తిరుగుతూనే ఉండాలి. హాండిలేమో మోకాళ్ళ దగ్గరెక్కడో ఉంటుంది. దాన్ని పట్టుకుంటే తల ముందుకి వేలాడి, మెడ పైకెత్తితే గాని దారి కనిపించదు.

ఎక్కడం అయినా ఫరవాలేదు. లాకు పిట్టగోడ మీద నిలబడి ఎక్కుతాడు. దిగడమే రాదు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు వాటంతటవే తిరిగే రకం బండి అది. ఆపాలంటే కాలితో వెనక్కి అదిమి పట్టాలి. అందని కాలితో ఏం అదుముతాడు? కాబట్టి పల్లంరాజు ఆగగలిగే చోట్లు ఈ భూమ్మీద తొమ్మిదే ఉన్నాయి. అవి తొమ్మిది మైలురాళ్ళు. రాయి వంద బారల దూరంలో ఉండగానే తొక్కడం మానేసి, బండి జోరు చచ్చేదాకా ఆగి, రాయి పక్కకి రాగానే దాని నెత్తిన కాలు వేసి ఆపుకోవాలి. గురి తప్పితే పక్కనున్న తుమ్మపొదే గతి. మొదటివారం మూడుసార్లు తప్పింది.

అయినా ఆ బండంటే వాడికి ఇష్టం. చెప్పుకోడానికి సిగ్గుపడ్డాడు గాని, ఆరో రాయికీ ఏడో రాయికీ మధ్య గట్టు తిన్నగా, నున్నగా ఉంటుంది. అక్కడ గాలి చెవుల్లో దూరి, కాలవలో తెరచాప ఎత్తిన పడవలు కూడా వెనకపడుతుంటే, ఒళ్ళునొప్పులు అన్నీ మరిచిపోయేవాడు. ఆ ఒక్క మైలు కోసం మిగతా ఎనిమిదీ భరించాడు.

సోమవారం నాడు చింతలగట్టు దగ్గర ఈ పని జరిగింది. చింతలగట్టు నాలుగో రాయికీ ఐదో రాయికీ సరిగ్గా మధ్యన ఉంటుంది. అక్కడ షావుకారు గున్నేశ్వరరావుగారి మేడ గట్టు వైపుకి చూస్తూ ఉంటుంది. కాలవలో తిరిగే ధాన్యం పడవల్లో ఆరు ఆయనవి. పొద్దున్నే అరుగు మీద కూర్చుని పళ్ళు తోముకుంటూ వచ్చేపోయేవాళ్ళని పలకరించడం ఆయనకి అలవాటు. ఆయన పలకరిస్తే తలగుడ్డ తియ్యడం, చెప్పులు విడవడం వాళ్ళకి అలవాటు. ఆ రోజు సామర్లకోట నుంచి ఆయన వియ్యాలవారు వచ్చి ఉన్నారు. దూరాన సైకిలు కనిపించగానే ఆయన వియ్యంకుడితో, అది దొరగారి సైకిలండి బావగారూ, మనం పిలిస్తే ఆగుతుంది, చూడండి, అన్నారు. అని, గొంతు సవరించుకుని, ఒరే పల్లంరాజూ ఆగు, నీళ్ళెంతున్నాయిరా, అని కేకేశారు.

రాయి లేదు. ఎలా ఆగుతాడు? "ఐదో రాయి దగ్గర ఆగుతానండీ" అని వెనక్కి తిరిగి అరిచాడు పల్లంరాజు. మెడ తిరిగేసరికి బండీ తిరిగింది, కాలవలోకి పోబోయి మళ్ళీ గట్టెక్కింది, పిర్రలు అటూ ఇటూ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. చూసి వియ్యాలవారు నవ్వారు. వాళ్ళు నవ్వింది పల్లంరాజు పిర్రల్ని చూసే. షావుకారుగారు మాత్రం తనని చూసి నవ్వారనుకున్నారు.

మంగళవారం పల్లంరాజు వెళ్ళేసరికి షావుకారుగారి ఉత్తరం ఆఫీసుకి చేరింది. చంద్రరావుగారు దాన్ని రెండుసార్లు చదివి వినిపించారు. వల వేసుకునేవాడు సర్కారు బండెక్కి పెద్దమనిషి అరుగు ముందు నుంచి దిగకుండా పోవడం, పిలిస్తే వెక్కిరించినట్టు ఒళ్ళు తిప్పుతూ పోవడం, ఇది ఎక్కడి మర్యాద, అని ఉంది అందులో. వెక్కిరించలేదండి బాబుగారూ, కాళ్ళు అందక అలా తిరుగుతానండి, అని చెప్పుకున్నాడు పల్లంరాజు. బండిని గుమ్మం ముందుకి తెచ్చి, గోడ సాయంతో ఎక్కి, ఎలా తిరుగుతాడో తొక్కి చూపించాడు కూడా. చంద్రరావుగారికి నవ్వు వచ్చింది గాని మీసం కింద దాచుకున్నారు.

"సీటు దించుకోనివ్వండి బాబుగారూ. దించితే ఎక్కడంటే అక్కడ దిగుతానండి."

"దొరగారి సీటు దించడానికి నువ్వెవడివిరా?"

పట్టీ తెరిచి చూపించారు. పల్లంరాజుకి చదువు రాదు. కాని పదకొండు వేళ్ళని ఆయన మళ్ళీ చేతులతో పెట్టి చూపిస్తే అర్థమైంది. ఏడాదికి దొర వచ్చి ఎక్కితే సీటు ఒక్క వేలు తేడా ఉన్నా నా ఉద్యోగం ఉంటుందా అని ఆయన భయం. చంద్రరావుగారు చెడ్డవాడు కాదు, భయస్తుడు. చెడ్డవాడి కింద పనిచెయ్యడమే కాస్త సుఖం, వాడికి ఎప్పుడో ఒకప్పుడు విసుగొస్తుంది. భయానికి విసుగు లేదు.

ఆయన ఉత్తరువు ఇదీ. రేపటినుంచి పల్లంరాజు నాలుగో రాయి దగ్గర దిగాలి. బండిని నడిపించుకుంటూ షావుకారుగారి అరుగు దాటాలి. ఐదో రాయి దగ్గర మళ్ళీ ఎక్కాలి. శుక్రవారం తిరుగుదారిలో వియ్యాలవారు ఉండగానే అరుగు మెట్టు ముట్టుకుని తప్పయిందని చెప్పుకోవాలి. మరి ఒక మైలు నడిస్తే ఎనిమిదికి ఎలా చేరతానండి, అని అడిగాడు పల్లంరాజు. అది నువ్వు చూసుకో, అన్నారు చంద్రరావుగారు. మూడు రోజులు ఆలస్యమైతే బిళ్ళ తీసేసి బల్ల మీద పెట్టి పో, అన్నారు.

ఇలాంటి ఉత్తరువులు రాసేవాళ్ళు ఎప్పుడూ కూర్చునే రాస్తారు.

బుధవారం నడిచాడు. ఆ మైలంతా సైకిలు పక్కన నడుస్తుంటే, బండిని వాడు తోలుతున్నాడో వాణ్ణే బండి తోలుతోందో తెలీనట్టుంది. రేవులో గుడ్డలుతికే ఆడవాళ్ళు ఏమయ్యా, బండి కాళ్ళు నొప్పెట్టాయా, అని అడిగారు. అరుగు మీద షావుకారుగారు తాంబూలం నములుతూ వేరే వైపు చూశారు. అలా చూస్తూనే అంతా చూశారు. ఆఫీసులో ఎనిమిది కొట్టి పన్నెండు నిమిషాలైంది. చంద్రరావుగారు గోడ గడియారం చూసి, పుస్తకంలో ఒక గీత గీశారు.

సాయంత్రం ఇంటికొచ్చి పల్లంరాజు నిలబడి గంజి తాగాడు. పెళ్ళాం మరిడమ్మ చేపలగంప కడిగి బోర్లించి వచ్చి చూసింది. కూర్చోమంది. కూర్చోనన్నాడు. ఇంకేం అడగలేదు, గోచీ జారగొట్టి చూసింది. సీటు ఒరుసుకుని రెండు పక్కలా అరచెయ్యంత మేర తోలు లేచిపోయి ఉంది. మరిడమ్మ గంపెడు చేపలకి బేరమాడే మనిషి, నోటికి ఊరంతా భయపడుతుంది. ఆ పూట నోరు పెగల్లేదు. కొబ్బరినూనెలో పసుపు కలిపి, బోర్లా పడుకోమని రాసింది. రాస్తూ రాస్తూ ఉండగా కోపం వచ్చింది.

"మీ అయ్య తెడ్డు నీకెందుకియ్యలేదు మావా?"

ఇదేం ప్రశ్న అనుకున్నాడు వాడు. వాళ్ళవాళ్ళలో తండ్రి వల కొడుక్కొస్తుంది, పడవ వస్తుంది, అప్పులూ వస్తాయి. తెడ్డు మాత్రం రాదు. కుర్రాడు ఏటి మీదికి వెళ్ళే ఈడు రాగానే ఇసకలో నిలబెట్టి, మడమ నుంచి ముక్కుదూలం దాకా కర్ర పెట్టి కొలిచి, వాడికో తెడ్డు చెక్కిస్తారు. మనిషి పోతే వాడి తెడ్డుని తలవైపు ఇసకలో పాతేస్తారు, వరదొచ్చి తీసుకుపోతుంది. ఒకడి తెడ్డు ఇంకొకడు పట్టడు. పడితే రెండు రోజుల్లో భుజం చెబుతుంది.

"మరి దొర తెడ్డు పట్టుకుని ఏరు దాటుతున్నావే నువ్వు," అంది మరిడమ్మ.

"అది తెడ్డు కాదే. సర్కారు వస్తువు."

"సర్కారు వస్తువైతే సర్కారునే ఎక్కమను."

బిళ్ళ పోతుందే, అన్నాడు పల్లంరాజు నెమ్మదిగా. ఏడేళ్ళుగా ఆ ఇత్తడిబిళ్ళని చింతపండు పెట్టి తోముతున్నాడు. మీద ఏం రాసుందో తెలీదు గాని ఏ అక్షరం దగ్గర మురికి పడుతుందో తెలుసు. మరిడమ్మ నూనెచెయ్యి జుట్టుకి తుడుచుకుంది. తోలు లేచేదాకా తొక్కినా పోయేట్టే ఉంది కదా బిళ్ళ, అంది. అదెలాగూ పోయేదే అయితే కూర్చోడానికి పిర్రలైనా మిగుల్చుకో, అంది. వాడు బోర్లా పడుకుని చాలాసేపు ఆ మాటే నమిలాడు.

గురువారం మళ్ళీ నడిచాడు. మళ్ళీ గీత పడింది, రెండోది. తిరుగుదారిలో షావుకారుగారు ఈసారి వాడివైపే చూసి, రేపు స్నానం చేసి రా, మెట్టు ముట్టుకునేవాడివి కదా, అన్నారు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. పల్లంరాజు ఆయ్ అన్నాడు. నోటికి అలవాటైన ఆయ్ అది, ఎవరేమన్నా ముందు వచ్చేస్తుంది. కాని అరుగు దగ్గర్నుంచి నాలుగో రాయి దాకా నడుస్తున్నంతసేపూ, ఆ ఆయ్ వెనక్కి తీసుకోడం ఎలాగా అని వాడికి ఒకటే మంట. నాలుగో రాయెక్కి సైకిలు మీదికి చేరాడు గాని, పచ్చిపుండు సీటుకి తగలగానే కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి. ఎవరూ లేరు కదా అని తుడుచుకోలేదు.

లాకుల దగ్గర లాజరు తలుపుల పళ్ళచక్రాలకి ఆముదం పోస్తున్నాడు. లాజరు లాకుల ఇనప పనివాడు. నోట్లో ఎప్పుడూ ఒక మేకు పెట్టుకుని దాని సందులోంచే మాట్లాడతాడు. పల్లంరాజు బండిని పిట్టగోడకి ఆనించి, లాజరన్నా, దీని మరలు విప్పే సామాను ఉందా నీ దగ్గర, అని అడిగాడు.

లాజరు మేకు తీసి చేతిలో పట్టుకున్నాడు. అంటే పెద్ద విషయం అన్నమాట. పానా గుమాస్తాగారి బీరువాలో కదా ఉంది, అన్నాడు. దాన్ని తలదన్నేది నేను చెయ్యగలను గాని నా పేరు బయటికి రాకూడదు, పిల్లలున్నవాణ్ణి, అన్నాడు. నీ పేరెందుకొస్తుంది, తిప్పేది నేను, అన్నాడు పల్లంరాజు. చాటుగా తిప్పుకుందాం రా, కొలిమి వెనక, అన్నాడు లాజరు. చాటెందుకు, దొంగసొత్తా, ఇక్కడే తిప్పుతాను, అందరూ చూడనీ, అన్నాడు పల్లంరాజు. అన్నాక వాడికే ఆశ్చర్యం వేసింది, ఆ గొంతు తనదేనా అని.

లాజరు ఇనప బద్దకి నోరు కోసి, ఆకురాయితో సరిచేసి ఇచ్చాడు. మర తుప్పు పట్టి కదల్లేదు. కిరసనాయిలు పోసి నానబెట్టారు. లాకులో నీళ్ళు నిండేదాకా ఆగాల్సిన పడవలవాళ్ళు నలుగురు వచ్చి చుట్టూ కూర్చున్నారు. వాళ్ళలో తలా ఒక సలహా. పల్లంరాజు ఎవరి మాటా వినలేదు. బద్ద తగిలించి, కాలు చట్రానికి తన్నిపెట్టి లాగాడు. మర కీచుమంది. ఇంకోసారి లాగితే వదిలింది. సీటుని రెండు చేతులా పట్టుకుని మెలితిప్పుతూ కిందికి తోశాడు. ఒక వేలు, రెండు వేళ్ళు, నాలుగు వేళ్ళు. గొట్టం చట్రంలోకి మునిగేదాకా తోశాడు. పదకొండు వేళ్ళలో ఒక్క వేలు మిగల్లేదు.

అప్పటికీ పెడలు అడుగున పాదానికి అంగుళం దూరంగానే ఉంది. దొర చట్రమే అంత. పల్లంరాజు ఇంటికెళ్ళి చూరులోంచి తన పాత తెడ్డు ముక్క తెచ్చాడు. రెండేళ్ళ కింద సుడిలో విరిగిందది. తన కొలతకి చెక్కింది. దాన్ని రెండు చెక్కలుగా కోసి, పెడళ్ళకి వలతాడుతో బిగించి కట్టాడు. మడమతో అదిమి చూశాడు, అందింది. హాండిలు మర కూడా వదులు చేసి బోర్లా తిప్పేశాడు. పోట్లాడే పొట్టేలులా తల వంచుకునుండే బండి ఆవుకొమ్ములెత్తి నిలబడింది. ఇప్పుడు పట్టుకుంటే వీపు తిన్నగా ఉంది, దారి కళ్ళెదుట ఉంది. పట్టుకునే చోట వలతాడు చుట్టాడు, చెమటకి జారకుండా. ఈలోగా మరిడమ్మ వచ్చి, కొబ్బరిపీచు కుక్కి పాత తెరచాప గుడ్డతో కుట్టిన చిన్న దిండు ఒకటి ఇచ్చి, తనే సీటుకి కట్టి, లాగి చూసి, వెళ్ళిపోయింది. చివరికి చట్రం కింద ఒక వెదురుబొంగు కట్టాడు. ఇన్నాళ్ళూ చీటీ కోటు జేబులో తడిసి సిరా కారేది. ఇకనుంచి బొంగులో పడుకుని వస్తుంది.

ఎక్కాడు. పిట్టగోడ అక్కర్లేదు, నేల మీద నిలబడే ఎక్కాడు. పడవలరేవు దాకా తొక్కి, రాయీ రప్పా లేని చోట మడమలు అదిమి పట్టాడు. బండి ఆగింది. బండిని కాస్త ఒరగేసి ఎడమ కాలు చాస్తే బొటనవేలు నేలకి ఆనింది. మళ్ళీ తొక్కి మళ్ళీ ఆగాడు. ఊరికే, అవసరం లేకుండా, ఆగాలని ఉన్న చోటల్లా ఆగాడు. లాజరు మేకు నోట్లో పెట్టుకోడం మరిచిపోయి చూస్తూ ఉన్నాడు. ఏరా, నడుం తిరగడం లేదే, అన్నాడు. పల్లంరాజు పగలబడి నవ్వాడు.

శుక్రవారం తెల్లారేసరికి ఏటికి వరద ఎర్రనీరు వచ్చేసింది. కొలతరాయి మీద రాత్రికి రాత్రి రెండడుగులు లేచింది. లాకు గుమాస్తా చీటీ రాసిచ్చాడు. ఇంకొక్క అడుగు లేస్తే ఏటి తలుపులు దించెయ్యాలి, లేకపోతే కాలవ గట్లు తెగుతాయి. దించమని ఆఫీసు ఉత్తరువు లేనిదే దించడానికి వీల్లేదు. త్వరగా వెళ్ళిరా బాబూ, అన్నాడు. బాబూ అనడం అదే మొదలు.

పల్లంరాజు నాలుగో రాయి దగ్గర దిగలేదు. చింతలగట్టు దాటేటప్పుడు అరుగు ఖాళీగా ఉంది, షావుకారుగారు పూజలో ఉన్నారు. ఆఫీసు గుమ్మం ముందు మామూలు మనిషిలా ఆగి, మామూలుగా దిగి లోపలికి వెళ్ళాడు. ఎనిమిదికి ఇంకా పాతిక నిమిషాలుంది.

చంద్రరావుగారు చీటీ చూసి లేచి నిలబడ్డారు. కుర్చీ మీద కండువా వదిలేసి, లాకు తలుపులు వెంటనే దించవలెను అని గబగబా ఉత్తరువు రాసి ముద్ర వేశారు. అది అందించడానికి గుమ్మం దాకా వచ్చినప్పుడు సైకిలు కనిపించింది. ఆయన చెయ్యి వెనక్కి పోయింది.

మాటలు ఒకదాని మీద ఒకటి వచ్చాయి. నా కొంప తీశావు కదరా, దొరగారికి నేనేం చెప్పుకోను, పట్టీలో సంతకం నాది, అన్నారు. పెడళ్ళకి కట్టిన చెక్కల్ని చూసి ఇదేంట్రా ఇది, అని ఏడుపుగొంతుతో అడిగారు. మొలతాడుకున్న తాళంచెవి లాగి, బీరువా తీసి పానా తెచ్చి వాడి ముందు పెట్టారు. ఈ క్షణం ఎత్తు, లేకపోతే బిళ్ళ బల్ల మీద పెట్టు, అన్నారు.

పల్లంరాజు పానా ముట్టుకోలేదు. బిళ్ళా విప్పలేదు.

"నేను ఎత్తనండి. తమరు ఎత్తండి, అడ్డం రాను. ఎత్తాక నేను ఎక్కనండి. బిళ్ళ ఇక్కడ పెట్టి నడిచిపోతాను. ఆ కాయితం ఇస్తే కూడా నడిచే పట్టుకెళతాను, మధ్యాహ్నానికి అందుతుంది. నీళ్ళు అందాకా ఆగుతాయంటారా? తమకి తెలుసు."

గొంతు పెంచలేదు, అండి మానలేదు. చంద్రరావుగారు పానా పట్టుకుని సైకిలు దగ్గరికి వెళ్ళారు. వంగి మర ఎక్కడుందో వెతికారు. ఒక చేతిలో పానా, ఒక చేతిలో ముద్ర ఆరని ఉత్తరువు. ఆయన కాలవ వైపు చూశారు. అక్కడ కూడా నీళ్ళు ఎరుపెక్కుతున్నాయి. ఒక భయానికి ఇంకా పెద్ద భయం అడ్డమొచ్చి నిలబడింది. పానా కోటు జేబులో వేసుకున్నారు. కాయితాన్ని ఆయనే చుట్టి వెదురుబొంగులో దూర్చారు.

తిరుగుదారిలో షావుకారుగారికి చెప్పుకోడం మర్చిపోకు, కనీసం అదైనా చెయ్యరా, అని వెనకనుంచి అన్నారు. పట్టీలో ఆయన ఆ తరవాత ఏమీ దిద్దలేదు. అందులో ఇప్పటికీ పదకొండు వేళ్ళే.

చింతలగట్టులో అరుగంతా జనం. షావుకారుగారు పట్టుపంచె కట్టుకుని కుర్చీ వేయించుకున్నారు. పక్కన వియ్యంకుడు, వెనక ఆయన తమ్ముళ్ళు, రేవులో ఆడవాళ్ళు గుడ్డలు ఉతకడం ఆపి చూస్తున్నారు. మెట్టుని ఎవరో నీళ్ళు పోసి కడిగి పెట్టారు కూడా. మనిషి చెయ్యి పెట్టడానికి అంత ఏర్పాటు. ఐదో రాయి దగ్గర దిగకుండా సైకిలు వస్తుంటే షావుకారుగారి మొహం మాడింది. ఆయన లేచి, ఒరే ఆగరా, అన్నారు.

పల్లంరాజు ఆగాడు. సరిగ్గా మెట్టు ఎదురుగా, జానెడు అటూ ఇటూ కాకుండా ఆగాడు. ఎడమ బొటనవేలు నేలకి ఆనించాడు. కుడికాలు తెడ్డుచెక్క మీదే ఉంది. వీపు తిన్నగా, చేతులు కొమ్ముల మీద. బండి గాలికి పిసరంత కూడా ఊగలేదు. కూర్చున్నవాడి కళ్ళూ, అరుగు మీద నిలబడ్డ ఆయన మోకాళ్ళూ ఒక ఎత్తులో ఉన్నాయి. అందుకని ఆయన వంగి చూడాల్సొచ్చింది.

"దిగు," అన్నారు షావుకారుగారు.

పల్లంరాజు కాలు దానంతటదే లేవబోయింది, ఏడేళ్ళ అలవాటు కదా. దాన్ని చెక్క మీద అదిమి పట్టాడు.

"మొన్న దిగడం చేతకాక దిగలేదండి, సీటు ఎత్తు. దానికి క్షమించండి. ఇవాళ దిగగలనండి."

"మరి దిగు."

వాడు దిగలేదు. రేవులో ఎవరి చేతిలోంచో తడిగుడ్డ జారి బండ మీద పడిన చప్పుడు వినిపించింది.

"మొన్న నీళ్ళెంతున్నాయని అడిగారండి. ఇవాళ తొమ్మిదడుగుల నాలుగంగుళాలు. మధ్యాహ్నానికి ఇంకా లేస్తాయి. తమ పడవలు లోపలి కాలవకి మళ్ళించుకోండి. తలుపులు దించే కాయితం నా దగ్గరుంది, నేను వెళ్ళాలండి."

అని, నేల మీద బొటనవేలు తన్ని కదిలాడు. తొందర లేదు, నడుం తిరగలేదు.

ఆరు పడవల్లో నాలుగు లాకులకి అవతల, ఏటి వైపే ఉన్నాయి. పడవలవాళ్ళని పిలవాలో, పోతున్నవాణ్ణి పిలవాలో తేలక షావుకారుగారు నిలబడ్డారు. వియ్యంకుడు పొడుంకాయ మూత తీస్తూ నెమ్మదిగా అన్నాడు.

"మీరన్నట్టే ఆగిందండి బావగారూ, పిలిస్తే."

పల్లంరాజు అది వినలేదు. నాలుగో రాయి వచ్చింది, వెళ్ళిపోయింది. వాడు దాని వైపు చూడలేదు.